మిడతల డబ్బా

డడ్లీ కొండ మీది జూలో నా మొదటి పని
పొద్దున్నే మిడతల్ని లెక్కపెట్టడం.
డబ్బాకి అరవై.
మూత తీస్తే ఎండుగడ్డి వాసన,
గోళ్ళతో కాగితం గీకుతున్నట్టు చప్పుడు.

జనవరి. జల్లు పడుతోంది.
మీర్‌కాట్లు వేడిదీపం కింద పొట్టలు చాపి నిలబడ్డాయి,
రేషన్ షాపు తెరవకముందే వచ్చినవాళ్ళలా.
మన ముంగిసకి దూరపు చుట్టాలివి.
పాముతో పాతపగ వీటికీ ఉంది గానీ
ఒంటరిగా తీర్చుకునే అలవాటు లేదు.

మిగతావి మన్ను తవ్వుకుంటుంటే
ఒకటి మొద్దెక్కి ఆకాశం చూస్తూ
సన్నగా కూస్తుంటుంది:
ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.
ఆ కూత ఆగితేనే అందరికీ భయం.
బర్మింగ్‌హామ్‌లో దిగబోయే విమానం కూడా
దాని లెక్కలో గద్దే.

"మరీ మురిసిపోకు," అంటుంది గ్లెనిస్,
ముప్పై ఏళ్ళుగా వీటి మధ్య ఉన్న మనిషి.
"పెద్దాడది తను ఈనే ముందు
చిన్నదాని పిల్లల్ని చంపేస్తుంది.
ఆ తల్లే తర్వాత పెద్దదాని పిల్లలకి పాలిస్తుంది."
చెప్పి టీలో బిస్కెట్ ముంచుకుంది.
నేను బకెట్ కడిగాను.

మిడత సంగతి వేరు.
ఒంటరిగా పెరిగితే ఎవరి జోలికీ పోదు.
ఆకుల్లో ఆకురంగు, రాత్రిపూట ప్రయాణం,
ఇంకో మిడత ఎదురైతే పక్కకి తప్పుకునే మర్యాద.
అదే ఇరుకులో పడేసి
వెనక కాళ్ళకి ఎవరివో కాళ్ళు రాసుకుంటుంటే
రెండు మూడు గంటలు, అంతే.
ముందు బుద్ధి మారుతుంది, తర్వాత ఒంటి రంగు.
ముందున్నదాన్ని కొరుకుదామని నడుస్తుంది,
వెనకున్నది కొరుకుతుందని నడుస్తుంది.
దూరం నుంచి చూసి మనం దండు అంటాం.
మొద్దెక్కి చూసేవాళ్ళు లేరు.
గుంపులో గోవిందా.

బడిపిల్లల కోసం బోర్డు రాయమన్నారు:
ఈ రెంటికీ పోలిక ఏమిటి?
"రెండూ కలిసి బతుకుతాయి" అని రాసి కొట్టేశాను.
మళ్ళీ అదే రాశాను. మళ్ళీ కొట్టేశాను.

సాయంత్రం బస్సులో నిలబడ్డానికి కూడా చోటు లేదు.
ఎవరిదో మోకాలు నా పిక్కకి తగులుతూనే ఉంది టిప్టన్ దాకా.
ఎవరూ ఎవర్నీ చూడలేదు.
నేను మాత్రం నా చేతులు చూసుకున్నాను,
రంగేమైనా తిరుగుతోందేమోనని.

ఇంటికొచ్చి స్వెట్టర్ విప్పితే
మడతలోంచి ఒకటి గెంతింది.
పొద్దున యాభై తొమ్మిదే వస్తే
నా లెక్కే తప్పనుకున్నాను.

కిటికీ గట్టు మీద, హీటర్‌కి పైన,
ఒక కొత్తిమీర కాడ పెట్టాను.
చాలాసేపు కదల్లేదు.
తర్వాత అంచు నుంచి మొదలుపెట్టి
పొందిగ్గా కొరికింది.

రేపు తీసుకెళ్ళాలి. రూలు.
దీన్ని ఎవరు తింటారో కూడా తెలుసు,
తోక కొస తెగిన ఆ పిల్లది.
ఈ రాత్రికి మాత్రం ముట్టుకోను.

దీపం ఆర్పేశాక
చీకట్లో ఊరికే గొంతు సవరించుకున్నాను.
కాసేపటికి మళ్ళీ.