తాళాలగుత్తి

ఇస్కపల్లి ఉప్పు మడుల్లో
తూము పలక ఎత్తేదీ దించేదీ మా మేనమామ పెంచలయ్య.
సముద్రం ఎంత తోసుకొచ్చినా
ఎంత లోపలికి రావాలో ఆయన చెయ్యి చెప్పేది.
పలక దించేటప్పుడు నీళ్ళతోనే అనేవాడు,
"చాల్లే, ఇంక పో."

ఇప్పుడు నెల్లూరులో, చల్లటి గదిలో,
ఎలుక మధ్యమెదడుని
ఉల్లిపొరకన్నా పలచగా కోసి
ఉప్పునీళ్ళలో తేలేస్తాను.
కంటికానని గాజుమొన ఒక్క కణానికి ఆనించి
అది చెప్పేది తెరమీద వింటాను.
టకటక టకటక,
మడుల గట్టున ఆయిలింజనులాగా.

గాబా ఒక్క బొట్టు.
కణం గోడలో ఐదు గుంజల వాకిలి తెరుచుకుంటుంది.
క్లోరైడు లోపలికి నడుస్తుంది,
ఉప్పులో సగం, మా ఇంటి మనిషే.
గీత కిందికి కుంగి
నిమ్మళిస్తుంది.
నిరోధక చర్య అని రాసుకోమంటారు గైడు.
రాసుకుంటాను.
చాల్లే, ఇంక పో.

సారా దగ్గర మాత్రం
మామ ఆ మాట ఎన్నడూ అనలేదు.
ఇరవై ఏళ్ళు అది
తలలో వాకిళ్ళన్నీ బార్లా తీయించింది.
ఎప్పుడూ తెరిచుండే చోట ఇన్ని వాకిళ్ళెందుకని
మెదడే ఒక్కొక్కటీ పీకి పక్కన పెట్టింది.
ఈ సంగతి మాకెవరికి తెలుసు?

కొఠారు గుమాస్తా ఎగతాళి చేశాడు,
"మూడు రోజులు తాగకుండా ఉండు,
నా కోడిపుంజు నీది."
ఉన్నాడు.
మూడోరోజు పొద్దున్నే
రవణయ్య ఇంజను పిడి తిప్పాడు.

డుగ్గుమంది.
మధ్యమెదడు వెనక రెండు చిన్న గుట్టలున్నాయి,
శబ్దం ఆడ మజిలీ చేసి పైకి పోవాలి.
ఆపొద్దు ఆపేవాళ్ళు లేరు.
కణం కణాన్ని తట్టింది,
ఆ కణం ఊరంతట్నీ లేపింది.
మామ గట్టు మీంచి పండిన మడిలో పడి
తెల్లటి ఉప్పంతా కాళ్ళతో తన్నేశాడు.

"గాలి సోకింది" అన్నారు ఆడవాళ్ళు.
మస్తానమ్మ బొడ్లోంచి తాళాలగుత్తి లాగి
ఆయన పిడికిట్లో కుక్కింది.
నాకప్పుడు పదేళ్ళు.
ఇంజను ఆగాక కూడా
ఆ తాళాలు గలగలమంటానే ఉన్నాయి.

అల్లూరు ఆస్పత్రిలో సూదేశారు.
చాన్నాళ్ళకి చదువుకున్నాను,
ఆ మందు తనంతట తాను వాకిలి తీయదు,
మిగిలిన కాసిని వాకిళ్ళలో
తాళంచెవి సులువుగా తిరిగేట్టు
నూనె రాస్తుంది, అంతే.
మస్తానమ్మ తప్పేం చెయ్యలేదు,
పెట్టిన చోటే వేరు.

కొన్ని కణాల్లో ముందే ఉప్పెక్కువై ఉంటుంది.
అప్పుడదే వాకిలి, అదే తాళంచెవి,
కణం ఊరుకోదు, ఇంకా రేగుతుంది.
"ఆ ముక్క పారెయ్" అంటారు గైడు.
నేను డబ్బామీద తేదీ రాసి దాచుకుంటాను.

కళ్ళు తెరవగానే మామ అడిగింది
ప్రాణం గురించి కాదు,
"తూము ఎవురన్నా దించినారా?"
ఆ తరవాత కోడిపుంజు గురించి.
మూడోరోజు పొద్దుగూకలేదు గదా
అని గుమాస్తా ఇవ్వలేదు.