పాయింటు

రేపు సాయంత్రం అయిదింటికల్లా ఒరిజినల్స్ ఇవ్వాలి.
సీట్లు రెండొచ్చాయి.
టీసీ ఒక్కటే.

ఎంబీఏ అయితే మేడ్చల్ రోడ్డు మీద కాలేజీ,
సందు మొదట్లోకే వచ్చే పసుపు రంగు బస్సు.
ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ అయితే ఉస్మానియా,
ఆ తర్వాత ఏంటని అడిగితే
చెప్పడానికి నా దగ్గర వాక్యం లేదు.
ఈ రెండూ కాదు, ఎంసీఏ అన్నాడు బావ,
అమీర్‌పేటలో మూడు నెలలు కూర్చుంటే
మిగతాది అదే వస్తుందట.
నాకున్నది జియాలజీ డిగ్రీ, డెబ్బై ఆరు శాతం,
మంచం కింద ఓ సంచీడు రాళ్ళు.

తస్నీమ్ ఎంబీఏలో చేరిపోయింది.
"రాళ్ళకి జీతాలెవరిస్తరే" అని నవ్వి
తన సంచీ కూడా మా ఇంట్లో దింపి పోయింది.
ఇప్పుడు మంచం కింద రెండు.

వేసవంతా బోడుప్పల్ బోర్‌వెల్ ఆఫీసులో ఫోన్లెత్తాను.
అడుగుకి ఇంత, కేసింగ్‌కి ఇంత,
నీళ్ళు పడకపోతే మా పూచీ లేదు.
ఈ చివరి ముక్క
కొంచెం గొంతు తగ్గించి చెప్పాలి.

పాయింటు చూసేది బుచ్చిరాములు తాత.
చెప్పులు విడిచి, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి
నెమ్మదిగా నడుస్తాడు.
కాయ లేచి నిలబడ్డ చోట ముగ్గు పోస్తాడు.
వెనకాలే నేను,
మూడేళ్ళ చదువు నాలుక చివర పెట్టుకొని.
"ఇక్కడ పడవు తాతా. గట్టి గ్రానైటు.
రెండొందల యాభై కోట్ల ఏళ్ళ నాటి రాయి."
ఆయన ఆగి చూశాడు.
"గంత పాతదా?
మరి గిన్నేండ్లల్ల ఎక్కడో ఓ కాడ
పలగకుంటదా బిడ్డా?"

ఆ రాత్రి రామంతాపూర్‌లో మిషను దింపారు.
మూడొందల అడుగులు. దుమ్ము.
అయిదొందలు. దుమ్ము.
వీధి దీపం కింద అందరి కనుబొమలూ నెరిసిపోయాయి.
ఏడొందల దగ్గర అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు సత్యవతమ్మ
చందాల నోటుబుక్కు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి
"ఇంకో యాభై" అంది.
కాసేపటికి మళ్ళీ,
ఎవరి వైపూ చూడకుండా,
"ఇంకో యాభై."

ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలీదు.
తవ్విన అడుగుకి బిల్లుంటుంది.
తవ్వకుండా వదిలేసిన అడుగుకి ఉండదు,
దాన్ని మాత్రం ఏళ్ళ తరబడి
కడుతూనే ఉంటారు.

తొమ్మిదొందల ఇరవై దగ్గర మిషను గొంతు మారింది.
దుమ్ము ముద్దయింది, ముద్ద బురదయింది.
అర ఇంచి ధార.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
సత్యవతమ్మ బురద చేతిని కొంగుకి తుడుచుకొని
పైకెళ్ళి అందరికీ టీ పెట్టుకొచ్చింది.

అది కొబ్బరికాయ లేచిన చోటు కాదు,
నేను వేలు పెట్టి చూపిన చోటూ కాదు.
లారీ తిరగడానికి వీలైన చోటు.
తాత ఆ ముక్క నా చెవిలో చెప్పి
చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు.

మా సందులో లారీ తిరిగే చోటు ఎంబీఏ.
అందరూ అక్కడే ముగ్గు పోసి నిలబడ్డారు.
అక్కడా పడొచ్చు నీళ్ళు,
పడవని ఎవరన్నారు.
కానీ ఆ రాత్రి, మిషను గొంతు మారక ముందే,
నా అరికాళ్ళకి ఏదో తెలిసింది.
అది తెలివా, నిద్రలేమా,
ఇప్పటికీ తేల్చుకోలేదు.
అడుగున ఏముందో
పై నుంచే వినే చదువొకటుందని మాత్రం తెలుసు.

జెరాక్సులు మూడు సెట్లు తీయించాను.
ఫ్యాను గాలికి టీసీ ఒకటే రెపరెప.
మంచం కింద చెయ్యి పెడితే
మౌలాలి గుట్ట దగ్గర ఏరిన రాయి తగిలింది.
దాన్ని తెచ్చి కాగితం మీద పెట్టాను.

తార్నాక మీదుగా మొదటి బస్సు ఆరింటికి.
నిద్ర రాక, చీకట్లో
రాయి చుట్టూ వేలితో తడుముతున్నాను,
ఎక్కడో ఓ కాడ.