ఒక్క మాటలో

గడి నంబరు రెండొందల పన్నెండు.
ఎడమ పక్క ఇంగ్లీషు మాట: ఫినామినన్.
కుడి పక్క ఖాళీ.
మాటకి రూపాయి పావలా.
ఒక్క మాటలోనే తేల్చాలని షరతు.

ఏడో తరగతి సైన్సు పాఠం.
పాత పదకోశం దృగ్విషయం అంటుంది.
కొట్టాను. కాసేపు చూశాను.
దృక్కూ తెలుసు, విషయమూ తెలుసు,
కలిపేసరికి
లిఫ్టులో ఎదురుపడ్డ ఇరుగుపొరుగులా
బిగుసుకుపోయాయి రెండూ.
గకి గుడి, కింద వ వత్తు,
పన్నెండేళ్ల నాలుక అక్కడ తట్టుకుని పడదూ?

చెరిపి, వింత అన్నాను.
ఇనుముకి తుప్పు పట్టడం ఏం వింత?
తడిబట్ట ఆరడం ఏం వింత?
పాఠంలో అవీ ఫినామినన్లే.
సంఘటన అంటే వెనకాలే పోలీసులొస్తారు,
అద్భుతం అంటే హారతి పళ్లెం.

మా లీడ్ పొన్నప్ప కుర్చీ ఇటు తిప్పి
రాత్రి మ్యాచ్‌లో కుర్రాణ్ణి తలుచుకుని
"వాడొక ఫినామినన్ గురూ" అన్నాడు.
మాట ఉన్నట్టుండి మనిషై
బ్యాటు పట్టుకుంది.
ఒకటైతే ఫినామినన్, నాలుగైతే ఫినామినా.
మా ఆఫీసు మాత్రం ఒక్కదాన్నీ ఫినామినా అనే అంటుంది,
ఇదో ఫినామినన్ కాబోలు.
వేరు తవ్వితే గ్రీకు తగిలింది:
కనబడేది.
అంతే. కనబడేది.
ఇంత చిన్నదానికా ఈ పొద్దంతా అని
కిటికీ దగ్గరికి నడిచాను.

ఏప్రిల్ ఇరవై నాలుగు. హెచ్చెస్సార్ లేఅవుట్.
ఎదురు సైట్లో నాలుగో శ్లాబు లేస్తోంది.
ఆదోని అవతలి నుంచి వచ్చిన ఉరుకుందమ్మ
పొద్దున్నే నీళ్ల డ్రమ్ము పక్కన గోనె పరిచి
పసివాణ్ణి పడుకోబెడుతుంది.
నీడ జరిగినప్పుడల్లా
ఇటుకల గంప దించి వచ్చి గోనె జరుపుతుంది.
మూడు వారాలుగా
నా టీ వేళలు కూడా ఆ గోనె చూసే.

పన్నెండూ పదిహేడు.
వచ్చింది.
గోనె ఎటు జరపాలో తెలియలేదు.
డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగింది.
నిలబెట్టిన కడ్డీలకు లేదు, గుంజలకు లేదు,
డ్రమ్ము తన నీడని తనే మింగి కూర్చుంది.
మా మేడ మీద కుర్రాళ్లు
నీళ్ల సీసా నిలబెట్టి ఫోటోలు తీస్తున్నారు,
"వాట్ ఎ ఫినామినా!"
సూర్యుడు తిన్నగా పసివాడి కళ్లలో నిలబడ్డాడు.

అప్పుడామె వంగింది.
నిటారుగా ఉన్నవాటికే నీడ లేదు,
వంగిన వీపుకి ఉంది.
పిల్లాడికి సరిపోయేంత.

గొడుగు పట్టుకుని పరిగెత్తాను.
"నీడ యాడికి పోయిందమ్మా?"
నేను అడిగే తీరుకి నవ్వింది.
"యాడికి పోతాది అక్కా, ఉంది.
అవుపడదు, అంతే."

కనబడేదని పేరు పెట్టుకున్న మాటకి
ఇవాళ కనబడకపోవడమే పని.

తిరిగొచ్చి దృగ్విషయమే ఉంచాను,
షరతు షరతే కదా.
పక్కన చిన్న గడిలో రాశాను,
ఉదాహరణ: నడినెత్తిన ఎండ,
వంగిన అమ్మ.
ఉదాహరణలకి డబ్బులుండవని
సాయంత్రం మెయిలొచ్చింది.

గొడుగు అక్కడే మర్చిపోయాను.
ఒంటిగంటకి చూస్తే
దాని నీడ తూర్పుకి జానెడు జరిగింది,
గోనె కూడా.