ఖాళీ గడి

పాలకొండల్లో పదిహేడో ప్లాటు.
నాలుగు మూలలా మేకులు కొట్టి, తాడు కట్టి
రొమ్మెత్తున మానుకి టేపు చుడతాను.
చండ్ర, నలభై రెండు సెంటీమీటర్లు.
నారేపి, అరవై ఒకటి.
పక్కీరప్ప పేరు చెబుతాడు,
నేను పుస్తకంలో దాని లాటిను పేరు వెతుక్కుంటాను.
ఆలోగా అతను తర్వాతి చెట్టు దగ్గర
జేబులోంచి బీడీ తీసి
అడివిలో ముట్టించగూడదని గుర్తొచ్చి
చెవిమీద పెట్టుకుంటాడు.

నా ఫారంలో పద్నాలుగు గడులు.
ఎంత బొగ్గుపులుసు గాలి పీల్చింది,
ఎన్ని వాననీళ్ళు ఇంకించుకుంది,
కిందున్న కడప మీదికి దిగే గాలిని
ఎన్ని డిగ్రీలు చల్లబరిచింది.
చిట్టచివర: విలువ, రూపాయల్లో,
హెక్టారుకి, ఏడాదికి.

"రూపాయల్లోనా?"
టోపీ తీసి బండమీద పెట్టాడు.
"ఈ కొండలో ధర తెలిసిన మాను ఒక్కటే మ్మా.
సూపిస్తా రా."

ఎంతో దూరం నడవలేదు.
మోకాలెత్తున రంపం కోత.
కొత్త ఇటుక విరిస్తే లోపలుండే ఎరుపు.
మొదలు పక్కన జానెడు చిగురు,
దాని మీద ఒక చీమ.
పది సెంటీమీటర్ల లోపువి లెక్కలోకి రావని మా రూలు.

"ధర లేని చండ్ర బతికింది.
ధర లేని నారేపి బతికింది.
నువ్వొచ్చి అన్నిటికీ ధర రాస్తాండావు."

నేనేమీ అనలేదు.
టేపు చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

జాలు దగ్గర సద్దులు విప్పాం.
జొన్నరొట్టె, ఊరిమిండి, ఒక ఎర్రగడ్డ.
వాన తగలని చరియ కింద, రాతి మీద
వరసగా బొగ్గు గీతలు.
"ఈ నీళ్ళు ఎప్పుడు ఆగిపోతే అప్పుడు గీస్తా.
ఉగాది దాకా పారితే పొడుగ్గీత.
శివరాత్రికే ఎండితే పొట్టిది."
ఇరవై రెండు గీతలు.
ఎవరూ గీయమనలేదట. జీతంలో లేని పని.

"ఇది బుగ్గవంక ఇండ్లల్లోకొచ్చిన ఏడు.
ఇది నా పెండ్లాం ఆసుపత్రిలో ఉన్న ఏడు.
ఇది ఆపక్క కొండ కాలిన ఏడు,
సూడు, ఎంత పొట్టిదో.
ఆ తర్వాత మూడేండ్లూ అంతే."

రాతికి ఆనించిన నా పరికరం వయసు
మూడు నెలలు.
అప్పుడే బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

సాయంత్రం సారుకి ఫోన్ చేశాను.
"తేదీలున్నాయా?"
లేవన్నాను.
"మరి డేటా ఎట్లవుతుందమ్మా అది?"

ఆ రాత్రి ఎర్రముక్కపల్లెలో మా వీధికి ట్యాంకరొచ్చింది.
తొమ్మిదివందల అడుగుల బోరు మళ్ళీ దగ్గింది.
సుబానీ పైపు విసురుతూ
ఏడువందలన్నాడు, పోయిన వారం ఆరే.
బిందెల మధ్య నిలబడి లెక్క వేశాను:
కొండ ఇచ్చినన్నాళ్ళూ దాని నీళ్ళకి ధర లేదు.
ఇవ్వని రోజు సుబానీ చెప్పిందే ధర.

చివరి గడి వదిలేద్దామనే అనుకున్నాను.
కానీ ఆఫీసు గోడమీది పటంలో
పదిహేడో ప్లాటు మీదుగా
ఎవరో ఎర్ర పెన్సిల్‌తో రోడ్డు గీసున్నారు.
ఖాళీ గడిని వాళ్ళు సున్నా అని చదువుతారు.

రాశాను.
ట్యాంకరు లెక్కన కట్టి, కామాలు పెట్టి,
రెండుసార్లు కూడి రాశాను.
రాస్తుంటే కొత్త ఇటుక ఎరుపు గుర్తొస్తూనే ఉంది.

మళ్ళీ కొండెక్కినప్పుడు
పక్కీరప్ప ప్లాస్టిక్ కవరులోంచి
నాలుగు మడతల కాగితం తీశాడు.
ఆమె పేరు, వార్డు నెంబరు,
ఇంటికి పంపిన రోజు.
"ఆ పొద్దు సాయంత్రమే వచ్చి గీసినా," అన్నాడు.
"నీళ్ళు నిలబడింది ఆ రోజే."

నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను.
ఒక గీతకి తేదీ దొరికింది.
ఇంకా ఇరవై ఒకటి.
బుగ్గవంక ఏడు ఏదో
కిందికి పోయి ఎవరినైనా అడగాలి.