బంక

రాటర్‌డామ్‌లో గోడలకి కాగితం అంటించడం నా పని.
పేరు వెసెల్ తమ్మింగా.
బిల్లు మీద తప్ప ఎక్కడా పూర్తిగా రాయను.

బాంబులు పడిన ఆ మే నెల
ఇళ్లు తలుపులూడిన బీరువాల్లా నిలబడ్డాయి.
మూడో అంతస్తులో ఎవరిదో నీలి చారల పడకగది,
కింద ఆకుపచ్చ, ఆ కింద వంటింటి పసుపు,
గడియారం వేలాడిన చోట
వెలిసిపోని గుండ్రటి మచ్చ.
జనం ముక్కులకి గుడ్డలు కట్టుకుని
దుప్పట్లు మోసుకుపోతుంటే
నేను మెడ వెనక్కి వాల్చి అతుకులు చూశాను.
నీలం నేనంటించిందే.
అతుకు ఎక్కడుందో కనపడలేదు.
గర్వపడ్డాను.
ఇది ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

యాభై మూడులో సీట్స్కె వచ్చింది,
కోటు మోచేతుల నిండా సున్నంతో.
పాత చుట్టలు మిగిలితే ఇమ్మంది,
పువ్వులున్నవైతే మరీ మంచిదంది.
గులాబీలిచ్చాను, యుద్ధానికి ముందటి సరుకు.
ఆవిడ గులాబీలని పలక వైపుకి తిప్పి
వీపు మన వైపుకి పెట్టి అంటించింది.
ఆరాక గోళ్లతో చింపింది.
మళ్లీ అంటించింది, మళ్లీ చింపింది.
"ఇదేం పనమ్మా, ఇందుకు కూలీ ఎవరిస్తారు?"
"ఎవరూ ఇవ్వరు.
బంక మాత్రం సరిగ్గా కుదరట్లేదు, నేర్పుతారా?"

చన్నీళ్లలో పిండి కలపాలి ముందు,
ఉండ కట్టకుండా.
మరిగే నీళ్లు సన్నటి ధారగా పొయ్యాలి,
చెయ్యి ఆపకూడదు.
ఆవిడ చెయ్యి ఆపింది,
కిటికీ అవతల ఏదో రంగు చూస్తూ.
గిన్నె అడుగంటింది.

ఆ వాసన!

నలభై నాలుగు చలికాలం.
తులిప్ గడ్డలు కూడా దొరకని వారం.
నా గోదాంలో బంకకని దాచిన పిండి, అర బస్తా.
ఉప్పు లేకుండా పల్చగా కాచి
బ్రష్షులు ముంచే బాల్చీలోంచే
పిల్లలిద్దరికీ పోసేవాణ్ణి.
కింది వాటా ముసలాయన, బూన్‌స్ట్రా,
మెట్లెక్కలేక ఎక్కి వచ్చి
చిన్న గ్లాసు చూపించాడు, నోరు తెరిచి అడగలేదు.
అడుగంటిపోయిందండీ, అన్నాను.
ఆయన బాల్చీ వైపు చూడలేదు.
చూసి ఉంటే బాగుండేది.

సీట్స్కె గిన్నె దించింది.
నేలమీద చిందిన బంకని
నేను వేలితో తీసి
ఏం చేస్తున్నానో తెలియకుండానే నోట్లో పెట్టుకున్నాను.
ఆవిడ చూసింది.
ఏమీ అడగకుండా
గిన్నె అంచు గీకి తనూ నాకింది.
ఆ చలికాలం ఆవిడకి పదిహేడేళ్లట,
ఉత్రెఖ్త్‌లో.
అంతే చెప్పింది.

పొగాకు గిడ్డంగిలో ప్రదర్శన పెట్టారు, ఏడుగురు కలిసి.
తారు పూసినవాడొకడు, తీగలు వంచినవాడొకడు,
ఇసుక రాల్చుకుంటూ ఉండే పటం ఒకటి;
దాని కింద రోజూ చీపురు పట్టేది నేనే.
తగిలించే పని కూడా నాదే.
తూకపు గుండు వేలాడదీస్తే ఏడుగురూ నవ్వారు.
నవ్వనీ. వంకరగా కొట్టడం నా చేతికి రాదు.

మొదటిరోజు ఒక దంతవైద్యుడు
ఇది తలకిందులుగా ఉందా అని నన్నడిగాడు.
కళ్లజోడాయన ఒకడు "శూన్యం" అని కాగితం మీద రాసుకున్నాడు.
శూన్యం కాదండీ, తొమ్మిది పొరలు,
నాలుగు చుట్టలు, కిలోన్నర పిండి.
అనలేదు. నా జీతం మేకులకి, మాటలకి కాదు.

అందరూ వెళ్లాక దీపాలార్పుతూ చూశాను:
కుడివైపు కింద మూల, కాగితం కింద,
నాణెమంత గాలిబుడగ.
నా వృత్తిలో అది తలవంపులు.
చుట్టూ చూసి, బొటనవేలితో
అంచు వైపుకి మెల్లగా నొక్కాను.

బుడగ పోలేదు.
అంగుళం పక్కకి జరిగింది.