ముప్పై ఒకటో వంతు

కళ్యాణదుర్గం రిజిస్ట్రారాఫీసు ముందర
రేకుల నీడ చాలక ఎండలోకి పొర్లిన వరసే
ఇప్పటికి మా వంశవృక్షం.
ముప్పై ఒక్కమందిమి.
లారీ క్లీనరొకడు, పంచర్ల అంగడోడొకడు,
బళ్లారి నుంచి చంకన బిడ్డతో దిగిన చిక్కోబులమ్మ.
కొంగనదుర్గం పాలెగాండ్ల వారసులం.
కొండ మీద గాలిమరకు సంతకాలు పెట్టను వచ్చినాం.

"మీదేననేదానికి ఆధారం?" అన్నాడు గుమాస్తా.
రాగిరేకు ఉండేది.
గంజికేంద్రాల కరువులో మా జేజి దాన్ని తూకానికేసింది.
సూర్యచంద్రులుండే వరకూ చెల్లాల్సిన శాసనం
రెండు సేర్లకు పావు తక్కువ తూగింది.
మూడు పూటలకు కొర్రలొచ్చినాయి.

మొదటి కోట మట్టిది.
ఒక ఏడు వాన దంచికొట్టి కరిగిపోయింది.
చెరువు నిండిందని ఊరంతా పొట్టేళ్లు కోస్తాంటే
పెన్నోబుల నాయడు మోకాటిలోతు తన కోటలోనే నిలబడి
మీసాలకంటిన బురద తుడుచుకున్నాడంట.

రెండోది రాతిది. ఏడు బురుజులు.
అన్న కట్టించినవి నాలుగు,
అన్నను చంపినాక తమ్ముడు కట్టించినవి మూడు.
దగ్గరికి పోయి చూడు, ఇప్పటికీ తెలుస్తాది.
నాలుగింట్లో సున్నముంది,
మూడింట్లో తొందరుంది.
ఆ బురుజుల కింద ఊర్లు దోచిందీ మేమే,
దోపిడీ కాకుండా కావలి కాసిందీ మేమే.
రెండింటికీ కూలి తీసుకున్నాం.

అప్పుడొచ్చినాడు గొలుసులు పట్టుకోని సర్వే దొర.
డంకనో ఏమో, మా నోళ్లలో డంకన్న అయినాడు.
నాలుగు దినాలు కొలిచినాడు, గీసినాడు.
అయిదో దినం దుబాసీ చెప్పినాడంట:
"దొరవారిది స్కాట్లాండు. వారిదీ కొండమీద కోట ఉన్న ఇల్లే.
తాతగారిని రాజు సిపాయిలు తరిమి కప్పు కాల్చేసినారు.
ఇప్పుడందులో గొర్రెలు పండుకుంటాయంట."
నరస నాయడు లేచిపోయి
తన చేత్తోనే దొరకు మజ్జిగ తెచ్చిచ్చినాడు.
కొంచేపు ఇద్దరూ ఏం మాట్లాడలేదు.

తెల్లారి దొర
తూర్పుగోడ కింద మందు కూరి పేల్చినాడు.

పేల్చేముందర టోపీ తీసినాడని
జేజి ఎప్పుడు చెప్పినా ఆడ ఆగేది.
తీసినందుకు మన్నించాల్నో
తీసి కూడా పేల్చినందుకు తిట్టాల్నో
తేల్చకుండానే పోయింది.

మా మూడో కోట ఆయన గీసుకుపోయిన పటం.
ఏ సీమలో, ఏ పెట్టె అడుగునుందో.
అందులో తూర్పుగోడ నిలబడే ఉంటాది.

గాలికి బాడుగ ఏడాదికి నలభై వేలు.
ముప్పై ఒకటితో భాగిస్తే మనిషికి
పన్నెండు వందల తొంభై, ముప్పై రెండు పైసలు.
మగ్గం మీద, గానుగ మీద, పెండ్లి పందిరి మీద,
ఆఖరికి కొండ దిగే నీళ్ల మీద పన్నేసిన మావాళ్లు
గాలినెట్ల మర్చిపోయినారో!

సిరాడబ్బీ ముందుకు తోస్తే
పంచర్ల నాగోబులేసు వద్దన్నాడు.
వాని బొటనేలికి గ్రీసు ముందే ఉంది.
చిక్కోబులమ్మ బిడ్డ వేలు కూడా ముంచబోయింది.
"వానికింకా రాజ్యం రాలేదులేమ్మా" అన్నాడు గుమాస్తా.
అందరం నవ్వినాం. అందరికంటే ఎక్కువ నేనే.

మరుసటేడు కొండెక్కినాను, మొదటి బాడుగతో కొన్న చెప్పులేసుకోని.
తమ్ముడు కట్టించిన బురుజు మీద మేకలు మేస్తాండాయి.
రెక్క నీడ వచ్చి తగిలినప్పుడల్లా
ఒకటొకటిగా తల దించుతాండాయి,
నీడ పోతానే ఎత్తుతాండాయి.
నేనూ రెండుసార్లు దించినాను.
మూడోసారికి అలవాటైపోయింది.