గోళీ దొర్లిన వైపు

జేబులో ఎప్పుడూ ఒక గాజు గోళీ ఉంటుంది నాకు.
కెమెరా, తేమ మీటరు, నిచ్చెన, మోకాళ్ళ తొడుగులు
ఇవన్నీ ఫీజు కోసం.
గోళీ మటుకు ఇంటిని పలకరించడానికి.

డులూత్ కొండవాలు, ఏప్రిల్ నెల,
సరస్సులో మంచు ఇంకా గట్టు విడవలేదు.
ఆస్పత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగి
బ్రిట్టా కొర్హొనెన్ తిన్నగా ఇక్కడికే వచ్చింది.
చేతుల నిండా బ్లీచు వాసన,
కళ్ళ నిండా ఈ పసుపు రంగు ఇల్లు.

వంటింట్లో గోళీ వదిలాను.
కాసేపు ఆలోచించుకుంది.
తర్వాత సరస్సు వైపు బయల్దేరి
స్టవ్వు దాటి, గుమ్మం దాటి,
హాల్లో వేగం పుంజుకుని
గోడకి టక్కున తగిలింది.

"ఎంత?" అంది బ్రిట్టా.

నేను ధరలు చెప్పేదాన్ని కాను.
పగులుంటే పగులుందని చెప్తాను, అంతే.
అయినా అందరూ అడుగుతారు,
జాతకం చూసేవాణ్ణి ఆయుష్షు అడిగినట్టు.
నేనూ చెప్పేస్తాను, సుమారుగా, గొంతు తగ్గించి.

వందేళ్ళ ఇల్లు, ఒంగితే ఒంగింది.
ఆ వంపు ఎప్పుడో నిలకడకొచ్చింది.
దానికి పెట్టకు డబ్బు.
పెట్టాల్సినవి వేరే ఉన్నాయి.

బాత్రూం ఫ్యాను గొట్టం
బయటికి పోకుండా అటకలోనే ఆగిపోయింది.
ఇరవై చలికాలాల స్నానాల ఆవిరి
దూలాల మీద నల్లగా బూజు కట్టింది.
గోడల్లో పింగాణీ బుడిపెలు పట్టుకుని పాకే పాతకాలపు తీగలు,
గుడ్డ తొడుగు ముట్టుకుంటే పొడి.
మురుగు గొట్టంలోకి కెమెరా పంపాను.
మట్టి గొట్టం. అతుకు అతుకులో మేపుల్ వేళ్ళు
తెర మీద తడి జుట్టులా ఊగుతూ.

బ్రిట్టా కవరు వెనక రాస్తోంది.
డాలర్లు కాదు, షిఫ్టులు.
మురుగు గొట్టం, నలభై.
వైరింగు, డెబ్బై.
ఫర్నేసు పగిలింది కదా, ఇరవై ఏడు.
ఫ్యానుకి?
"రెండు. నువ్వే నిచ్చెనెక్కితే సగం."
అప్పుడు నవ్వింది, మొదటిసారి.

"ఇది పోతే మళ్ళీ దొరకదు" అన్నాడు ఏజెంటు క్లింట్.
పొద్దున ఇంకో ఇంట్లోనూ ఇదే అన్నాడు.
అక్కడా నేనే ఉన్నాను.

బేస్‌మెంటుకి దిగాం.
గోడలకి తెల్లటి కొత్త రంగు, నడుము ఎత్తు వరకే.
నాకు కొత్త రంగంటే పడదు.
పైన పటారం కనబడగానే
లోన లొటారం కోసం వెతుకుతాయి నా వేళ్ళు.

ఫర్నేసు వెనక, బ్రష్షు దూరని సందులో
టార్చి వేస్తే, రాతి మీద పెన్సిలు గీతలు.
"ఏప్రిల్. ఇక్కడిదాకా."
"ఏప్రిల్. ఇక్కడిదాకా. పంపు పనిచేసింది."
"జూన్. పంపు ఆగింది. పియానో పోయింది."
ఒకే చేతిరాత, గీతగీతకీ ఇంకాస్త వణుకుతూ.
అమ్మేవాళ్ళ ఫారంలో
నీళ్ళొస్తాయా అన్న గడిలో
"తెలీదు" అని టిక్కు.

బ్రిట్టా ఒంగి పై గీత మీద వేలు పెట్టింది.
ఆమె తొడ దగ్గరికి వచ్చింది గీత.
నేను లోపల్లోపల లెక్క కట్టుకుంటున్నాను,
కందకం, కొత్త పంపు, గోడకి పూత.
అడగలేదు.
"పియానోని కిందికెలా దించారు?" అంది.

ఇద్దరం వెనక్కి తిరిగి మెట్లు చూశాం.
మనిషి పక్కకి తిరిగితే గాని పట్టని మెట్లు.
నాకు తెలీదు.
రిపోర్టులో దానికి గడి లేదు.

ఫీజుకి చెక్కు రాసింది,
రెండు షిఫ్టులు, పైన కొంచెం.
మర్నాడు నలభై పేజీలు పంపాను.
ఆ తర్వాత కొన్నారో మానుకున్నారో
మాకెవరూ చెప్పరు.

సెప్టెంబరులో అదే వీధిలో ఇంకో ఇంటికి వెళ్తుంటే
పసుపు ఇంటి ముందు పచ్చిక చీల్చి ఉంది.
పక్కన కుప్పగా పగిలిన మట్టి గొట్టాలు,
వేళ్ళు ఇంకా పట్టు వదల్లేదు.
ఎవరివో నలభై షిఫ్టులు.

పైకప్పు మీద
ఫ్యాను గొట్టానికి కొత్త మూత,
కొంచెం వంకరగా.
డబ్బు తీసుకున్నవాడెవడూ
అలా బిగించడు.